నీళ్లు పోవట్లేదు, ఫిల్టర్ చూస్తే శుభ్రంగానే ఉంది

ప్రశ్న:
మాది ఫ్రంట్ లోడ్ మెషీన్, ఆరేళ్లుగా వాడుతున్నాం. నాలుగు రోజుల నుంచి ఉతకడం బాగానే ఉతుకుతోంది, పిండే ముందు మాత్రం ఆగిపోతోంది. అద్దంలోంచి చూస్తే అడుగున నీళ్లు అలాగే ఉంటున్నాయి. కింద ఎక్కడో ‘ఊఁ...’ అని మూలుగు, కాసేపాగి మళ్లీ మూలుగు. ఫిల్టర్ విప్పి కడిగాను, ఒక నాణెం, కాస్త పీచు వచ్చాయంతే. అయినా అదే వరస. నిన్న నీళ్లోడుతున్న దుప్పటిని చేత్తో పిండేసరికి భుజాలు పడిపోయాయి. పంపు పోయినట్టేనా?

జవాబు 1:
వెనక పైపు గోడకీ మెషీన్‌కీ మధ్య నలిగిందేమో చూడండి. ఊడ్చేటప్పుడు జరిపితే మాకు అలాగే అయింది.

జవాబు 2:
మూలుగుతోందంటే పంపుకి కరెంటు అందుతోందండి, అప్పుడే పోయిందనుకోవద్దు. ఫిల్టర్ కడిగానన్నారు సరే, అది తీసిన కన్నంలోకి టార్చి వేసి చూశారా? లోపల చిన్న రెక్క ఉంటుంది, అసలు చెత్త దానికే చుట్టుకుంటుంది. ముందు ప్లగ్ తీసేయండి. వేడి నీళ్లతో ఉతికి ఉంటే చల్లారనివ్వండి. ఫిల్టర్ పక్కన సన్న గొట్టం ఉంటే దాంతో నీళ్లు పళ్లెంలోకి వంపేసుకోండి, లేకపోతే గదంతా చెరువే.

తర్వాత పుల్లతో రెక్కను తిప్పి చూడండి. ఫ్యానులా గిర్రున తిరగదు, తట్టి తట్టి కదులుతుంది. లోపల అయస్కాంతం ఉంటుంది కాబట్టి అలాగే కదలాలి. నేనది తెలియక పంపు పట్టేసిందనుకుని కొత్తది కొనేశాను. పాతది ఇప్పటికీ డబ్బాలో నిక్షేపంలా ఉంది. మా ఆవిడ దాన్ని చూపించినప్పుడల్లా నేను పేపరు తీస్తాను.

అడిగినావిడ:
దొరికింది! నోరు తెరుచుకున్న పిన్నీసు, దాని చుట్టూ తాడులా పేనుకుపోయిన వెంట్రుకలు. పట్టకారుతో లాగాను. ఇప్పుడు రెక్క మీరన్నట్టే కదులుతోంది. నీళ్లు పోతున్నాయి కానీ నీరసంగా పోతున్నాయి, పిండుడు ఇంకా మొదలవట్లేదు.

జవాబు 2:
అయితే ఇంకోచోట కూడా అడ్డముంది. పైపు చివర గోడ దగ్గర ఊడదీసి బకెట్‌లో పెట్టి, స్పిన్ ఒక్కటే వేయండి. జోరుగా వస్తే మెషీన్ తప్పేం లేదు, గోడలోని గొట్టమే పూడింది. బకెట్ చూస్తుండగానే నిండుతుంది, ఆపడానికి ఒకరిని బటన్ దగ్గర నిలబెట్టండి. ఉతికేటప్పుడు మాత్రం పైపును నేలమీద వదిలేయకండి, పట్టిన నీళ్లు పట్టినట్టే జారిపోతాయి.

జవాబు 3:
పౌడరు తగ్గించి కూడా చూడండి. నురగ ఎక్కువైతే పంపు నీళ్లు లాగలేదు.

అడిగినావిడ:
బకెట్‌లోకి ధారగా దూకాయండి! సింకు కింద పైపు కలిసేచోట చూస్తే బూడిదరంగు ముద్ద, తడిసిన దూదిలా. పాత టూత్‌బ్రష్‌తో గోకి తీశాను. దుప్పటి మళ్లీ వేశాను, మెషీన్ పిండేసింది. కాకపోతే ఇప్పుడు ఫిల్టర్ మూత దగ్గర చుక్క చుక్కగా కారుతోంది.

జవాబు 2:
మూతకున్న రబ్బరు మీద వెంట్రుకో పీచో అంటుకుని ఉంటుంది. నీళ్లు వంపేసి, మూత విప్పి, రబ్బరు తుడిచి, మర సరిగ్గా కూర్చునేలా బిగించండి. పిన్నీసు మాత్రం పారేయండి.