సమస్య (ఇదే చివరి పాదంగా పద్యం అల్లాలి): రొయ్య యేనుగయ్యె రూఢిగాను

నిర్వాహకుడు: ఈసారి ఆటవెలది. ఇంగ్లీషువాళ్లు పెద్ద సరుకుకు తగిలించే 'జంబో' విశేషణం పద్యంలో పలకాలి.

గోదావరి గట్టు:
భీమవరపు చెరువు పెంచిన రొయ్యకు
జంబొ యనుచు వ్రాయ సంచి మీద
అమెరికాకు చేరి యంగట నిలువగ
రొయ్య యేనుగయ్యె రూఢిగాను

నిర్వాహకుడు: భీ–పెం యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో ఒక అక్షరంతో పొత్తు) హాయిగా పడింది. చిక్కల్లా 'చేరి' దగ్గరే. అమెరికా చేరిందెవరు, రొయ్యా సంచా? 'రొయ్యకు' తీసి 'రొయ్యయే' అనండి, గణం (గురువులనే బరువు అక్షరాలు, లఘువులనే తేలిక అక్షరాల గుంపు) చెడదు, అన్వయం కుదురుతుంది.

పాతకాలం మాస్టారు: జంబోను 'జంబొ' చేయడం నా చెవికెక్కలేదు.

గోదావరి గట్టు: దీర్ఘం ఉంచితే రెండు గురువులు మాస్టారూ, సూర్యగణంలో (గురువు–లఘువు లేదా మూడు లఘువులు) ఇమడదు!

చరిత్ర పిచ్చి:
జంతుశాలనుండి సర్కసు కేగిన
జంబొ పేరు నేడు చాల చోట్ల
పెద్ద దనెడి మాట వేషము వేయగ
రొయ్య యేనుగయ్యె రూఢిగాను

1865లో లండన్ జూకు వచ్చిన ఆఫ్రికా ఏనుగు పేరు జంబో. 1882లో అమెరికాలోని బార్నమ్ సర్కసు దాన్ని కొనుక్కుపోయింది. 1885లో కెనడాలో రైలు గుద్ది ఆ ఏనుగు చచ్చిపోయింది పాపం. పేరు మాత్రం బోయింగ్ 747 విమానం దాకా ఎగబాకింది.

పాతకాలం మాస్టారు: 'రూఢిగాను'కు న్యాయం జరిగింది ఇక్కడే. నిజంగా అనీ, రూఢ్యర్థంలో (వాడుకలో స్థిరపడ్డ అర్థంలో) అనీ రెండూ పలికాయి. అయితే పై మూడు పాదాల్లో ఏనుగు ఊసేదీ? కింద వివరణ లేకపోతే సర్కసుకు పోయింది సింహమనుకుంటాను. ఇంకో సంగతి. ఈ విశేషణం దాదాపు ఎప్పుడూ నామవాచకం ముందే ఉంటుంది. జంబో జెట్, జంబో ప్యాక్, మన పేపర్లలో జంబో కార్యవర్గం. 'మా ఇల్లు జంబో' అంటే నవ్వుతారు. తన జాతిలో పెద్దదని చెప్పడమే దాని పని, అందుకే రొయ్యకూ అతికింది.

కొత్త కలం:
అల్లుడు దిగినంత నత్తయు మామయు
హోటలందు జంబొ రొయ్యలడుగ
బిల్లు చూచినపుడు బెదరిరి ముగ్గురు
రొయ్య యేనుగయ్యె రూఢిగాను

నిర్వాహకుడు: భలే! ఏనుగును బిల్లులో పెట్టారు, పూరణగా నా ఓటు దీనికే. కానీ రెండో పాదంలో యతి తప్పింది. హో–రొలకు అచ్చు కలిసింది, హల్లు కలవలేదు. హకారానికి అచ్చులతో మైత్రి ఉంది కాబట్టి 'హోటలందు జంబొ యొక్కటడుగ' అంటే సరి.

కొత్త కలం: ముగ్గురికి ఒక్కటేనా అండీ?

నిర్వాహకుడు: ఒక ప్లేటు అనుకోండి, అల్లుడికి టెన్షన్ ఉండదు.

చెరువు రైతు: పద్యం నాకు రాదు గానీ లెక్క చెబుతా. అమెరికాలో మామూలుగా పౌనుకు 21–25 రొయ్యలు తూగితే జంబో అంటారు, అదీ తల తీశాక. మేం తలతో సహా కిలోకు లెక్కేస్తాం, అంటే గట్టు మీద సుమారు 30–35 కౌంటు. దానికి పైన వాళ్లకి కొలోసల్ అని ఇంకోటుంది. జంబోయే అన్నిటికన్నా పెద్దదని రాయకండి.