అయిదు ఊళ్ల దిగుబడి: ఒకే చార్టులో చూపాలా, విడదీయాలా?

కౌశిక ఒడ్డు (అమలాపురం దగ్గర)
మా రైతు సంఘంలో అయిదు ఊళ్ల సార్వా (వానాకాలపు వరి) దిగుబడి 2019 నుంచి 2024 వరకు రాసిపెట్టాను. ఎకరానికి ఎన్ని బస్తాలు అన్నదే లెక్క. బస్తా అంటే 75 కిలోలు. దాన్ని ఎక్సెల్‌లో ఒకే నిలువు పట్టీల చార్టుగా వేసి, నలుపు తెలుపు జిరాక్సు తీయించి సొసైటీ గోడకు అంటించాను. ఏడాదికి అయిదు పట్టీలు, ఊరికో రంగు. ఒక పెద్దాయన కింద ఉన్న రంగుల సూచిక మీద వేలు పెట్టి, అక్కడి నుంచి పైకి, మళ్లీ కిందికి నాలుగు సార్లు తిప్పి, "మా ఊరేది బాబూ?" అని అడిగారు. నేనూ చెప్పలేకపోయాను. మంచి రంగులు వేస్తే చాలని మా కుర్రవాళ్లు అంటున్నారు. ఊరికో చార్టు వేయడమే మేలని నాకు అనిపిస్తోంది. మీరేమంటారు?

రావులపాలెం డీటీపీ
విడదీయవద్దు. తప్పు రంగుల ఎంపికలో ఉంది. ఎక్సెల్‌లో (2013 వెర్షన్) వాటంతట అవే వచ్చే నీలం, నారింజ తెరమీద వేరుగా కనిపిస్తాయి గానీ రెండింటి వెలుగు దాదాపు ఒకటే. నలుపు తెలుపులోకి మారగానే ఒకే బూడిద అవుతాయి. ముదురు నుంచి లేత వరకు మెట్లుగా ఎంచుకోండి, పట్టీ చుట్టూ సన్నటి నల్ల గీత ఇవ్వండి. పట్టీ మీద నొక్కి ఫార్మాట్ డేటా సిరీస్ తెరిస్తే గ్యాప్ విడ్త్ 219 అని ఉంటుంది. అంటే గుంపుల మధ్య ఖాళీ, పట్టీ వెడల్పుకు రెండింతలు దాటిందన్నమాట. 60కి దించండి. ఓవర్‌ల్యాప్ మైనస్ 27 ఉంటే సున్నా చేయండి. పట్టీలు లావెక్కుతాయి, చూపు నిలుస్తుంది.

భీమవరం లెక్కల మాస్టారు
ఖాళీల సంగతి ఒప్పుకుంటాను, రంగుల సంగతి ఒప్పుకోను. బూడిదలో అయిదు మెట్లు పక్కపక్కన ఉంటే మూడోదేదో నాలుగోదేదో ఎవరు పోల్చగలరు? అసలు చిక్కు వేరే చోట ఉంది. ఏ పట్టీలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయో కన్ను వాటినే పోలుస్తుంది. మీ చార్టులో ఆనుకున్నవి అయిదు వేరువేరు ఊళ్లు. ఆ పెద్దాయన వెతికింది తన ఊరు ఏటేటా ఎలా ఉందన్నది. స్విచ్ రో/కాలమ్ నొక్కి తిప్పేయండి. అప్పుడు కింద ఊరి పేర్లు వస్తాయి, ఒక్కో పేరు పైన ఆరేళ్ల పట్టీలు ఎడమ నుంచి కుడికి వరుసగా నిలబడతాయి. ఆ క్రమమే ఏడాదిని చెబుతుంది కాబట్టి అన్నిటికీ ఒకే లేత బూడిద చాలు. సూచిక తీసేయవచ్చు, మొదటి గుంపు కింద 2019, 2024 అని రాస్తే సరి.

ఇంకొక మాట. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి వరద సుమారు 26 లక్షల క్యూసెక్కులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరిక 17 లక్షలకే ఇస్తారు. మీ రైతులు ముందు వెతికేది ఆ ఏడునే. ఇలా తిప్పితే ఏడాది ఒక వరుస అవుతుంది, కాబట్టి 2022 పట్టీని ఒక్కసారి నొక్కి నలుపు చేస్తే అయిదు ఊళ్లలోనూ మారుతుంది. (శీర్షికలో ఏడాదులు అంకెలుగా ఉంటే ఎక్సెల్ వాటినీ దిగుబడి అనుకుని పట్టీలు గీసేస్తుంది. పట్టికలో ఎడమ పై మూల గడిని ఖాళీగా వదిలేయండి.)

కాకినాడ కాలువ
పట్టీలను ఒకదాని మీద ఒకటి పేరిస్తే చోటు కలిసివస్తుంది కదా?

భీమవరం లెక్కల మాస్టారు
మొత్తం చూడటానికి పనికొస్తుంది. అడుగున ఉన్నది తప్ప మిగతావన్నీ వేరువేరు ఎత్తుల్లో మొదలవుతాయి కాబట్టి వాటిని పోల్చలేం. ఒకే అడుగు నుంచి లేచిన పొడవులనే మనిషి బాగా అంచనా వేస్తాడని గణాంక శాస్త్రవేత్తలు క్లీవ్‌లాండ్, మెక్‌గిల్ 1984లోనే ప్రయోగాలు చేసి చూపారు.

రావులపాలెం డీటీపీ
మాస్టారూ, తిప్పడం బాగుంది. కానీ పక్క ఊరితో పోల్చాలంటే అయిదు పట్టీలు దాటి దూకాలి. మా దగ్గరికి వచ్చే రైతులు మొదట అడిగేది పక్క ఊరి సంగతే. ఇక ఊరికో చార్టు వేద్దామన్న ఆలోచన మాత్రం మానుకోండి. ప్రతి చార్టుకూ పక్కనున్న కొలగీతను ఎక్సెల్ తన ఇష్టం వచ్చిన అంకె దాకా పెట్టుకుంటుంది. 28 బస్తాల ఊరూ 40 బస్తాల ఊరూ కాగితం మీద దాదాపు సమానంగా నిలబడతాయి. తప్పదంటే అన్నిటికీ కింద సున్నా, పైన 50 అని మీరే బిగించండి.

కౌశిక ఒడ్డు
మాస్టారు చెప్పినట్టు తిప్పి, జిరాక్సు తీయించి ఆ పెద్దాయనకే ఇచ్చాను. ఊరి పేరు వెంటనే దొరికింది. నల్ల పట్టీ దగ్గర వేలు ఆపి, "నారుమడి మునిగిన ఏడు" అన్నారు. ఆ తర్వాత డీటీపీ గారు అన్నంతా అయింది. పక్క ఊరి నల్ల పట్టీ ఎంతుందో తెలియక, చీపురులోంచి కొబ్బరి ఈనె ఒకటి లాగి కాగితం మీద అడ్డంగా పెట్టి చూశారు. అర బస్తా తేడా ఉందో లేదో ఇద్దరికీ తేలలేదు.

రావులపాలెం డీటీపీ
నల్ల పట్టీల నెత్తిన మాత్రం బస్తాల అంకె వేయండి. మిగతా ఇరవై అయిదింటి మీద వేయకండి. పది బస్తాలకో సన్నటి అడ్డగీత కూడా ఉంచండి.