ఏసీ ఫ్లెక్సీ మీద ‘29 శాతం ఆదా’: ఇది న్యాయమైన పోలికేనా?

గడియారస్తంభం, అనంతపురం:
ఇక్కడ ఒక షాపు ముందర ఫ్లెక్సీ కట్టినారు. ఎడమపక్క వాళ్లమ్మే టన్నున్నర 5 స్టార్ ఏసీ, ఏడాదికి 713 యూనిట్లు. కుడిపక్క పోటీ కంపెనీ టన్నున్నర 3 స్టార్, 1,006 యూనిట్లు. రెండూ బీఈఈ (స్టార్ రేటింగు ఇచ్చే కేంద్ర సంస్థ) లేబుల్ మీది అంకెలే. అబద్ధం లేనప్పుడు తప్పేముంది? కాదనేవాళ్లు లెక్కతో చెప్పండి.

బురుజు కాడ, కర్నూలు:
లెక్కే చెప్తాను అన్నా. టన్ను అంటే 3,517 వాట్ల చల్లదనం, లాగే కరెంటు కాదు. టన్నున్నరకు 5,275 రావాల. 4,700 వాట్లదాన్ని కూడా టన్నున్నర అనే అమ్ముతారు. మీరు చెప్పిన యూనిట్లను బట్టి చూస్తే ఎడమది 4,700 వాట్లు, ఐఎస్ఈఈఆర్ (సీజనంతా కలిపి ఒక యూనిట్ కరెంటుకు ఎంత చల్లదనం ఇస్తుందో చెప్పే అంకె) 5.1, కుడిది 5,200 వాట్లు, 4.0 ఉండాల. లేబుల్ మీద సరిచూడండి. ఏడాది యూనిట్లు కట్టేటప్పుడు ఆ మిషను కెపాసిటీకి తగ్గ గదినే లెక్కలోకి తీసుకుంటారు. చిన్న మిషనుకు చిన్న గది. కుడిదాన్ని అదే 4.0తో 4,700 వాట్లకు కుదిస్తే సుమారు 909 యూనిట్లు. అంటే తేడా 293లో 97 యూనిట్లు మిషను చిన్నదైనందుకే వచ్చినాయి, మేలైనందుకు కాదు.

షట్టర్ 12, కడప:
కస్టమరు టన్నుల్లోనే అడుగుతాడప్పా, వాట్లలో కాదు. 5 స్టార్‌కు 3 స్టార్‌తో పోలిక పెట్టడం దానంతటది తప్పు కాదు. రెండూ ఒకే ధరకు వస్తుంటే కొనేవాడు ఎంచుకునేది ఆ రెంటి మధ్యనే కదా.

బురుజు కాడ, కర్నూలు:
ధర కూడా రాసి ఉంటే నేనూ ఒప్పుకుంటా. రాయలేదే! పోటీ కంపెనీ 5 స్టార్ మోడలు 5,200 వాట్లు, 5.0 అనుకోండి, దానికి సుమారు 805 యూనిట్లు. వాటుకింత అని లెక్కేస్తే తేడా 2 శాతమే. పక్కన ఎవరిని నిలబెట్టాలో ఎంచుకోవడంలోనే మోసముంది. లేబుల్ ఏ ఏడాదిదో కూడా చూడండి: 2022 జూలైలో 5 స్టార్‌కు ఐఎస్ఈఈఆర్ హద్దు 4.5 నుంచి 5.0కు పెరిగింది.

నల్లరేగడి, అనంతపురం:
మన ఎండ సంగతి ఎవరూ ఎత్తలేదు. లేబుల్ లెక్క 1,600 గంటలకు, అందులో ఎక్కువ గంటలు 35 డిగ్రీల లోపే. కెపాసిటీ కొలిచేది కూడా బయట 35 ఉన్నప్పుడు. మే నెలలో మిద్దె మీద అవుట్‌డోర్ యూనిట్ చుట్టూ గాలి అంతకన్నా బాగా కాగి ఉంటుంది. కెపాసిటీ తగ్గుతుంది, కరెంటు ఎక్కువ లాగుతుంది. ఇన్వర్టర్ ఏసీ ఆదా చేసేది కంప్రెసర్ నెమ్మదిగా తిరిగినప్పుడు. స్లాబు కాలిన పైగదిలో 4,700 వాట్లది మధ్యాహ్నమంతా ఫుల్ స్పీడులోనే తిరుగుతుంది. ఆ గదికి 713 అనే అంకె పనికిరాదు.

గడియారస్తంభం, అనంతపురం:
వాట్ల సంగతి ఒప్పుకుంటున్నా. ఫ్లెక్సీ మూలన ఇంగ్లీషులో చిన్న అక్షరాలతో ‘కెపాసిటీలు వేరు’ అని ఉంది. అది చాలదా?

నల్లరేగడి, అనంతపురం:
చాలదు. తప్పుదోవ పట్టించే ప్రకటనలపై 2022 జూన్‌లో వచ్చిన కేంద్ర మార్గదర్శకాల ప్రకారం, ప్రకటన తెలుగులో ఉంటే షరతూ తెలుగులోనే, అదే ఫాంటులో ఉండాల. రెండు మోడల్ నంబర్లు, ఆ మూలనున్న అక్షరాలు కనపడేట్టు ఫొటో తీసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. కలెక్టరుకూ రాసి ఇవ్వొచ్చు.

షట్టర్ 12, కడప:
ఫ్లెక్సీ కంపెనీ పంపిందేమో, ముందు షాపువాళ్లను అడగండి. వాట్లు, ధర చేర్చి మళ్లీ కడితే నాకు అభ్యంతరం లేదు. 3 స్టార్‌తో పోల్చడమే తప్పంటే మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను.