మధురవాడ నుంచి కుటుంబంతో ఆరు నెలలు బయటికి, పని మాత్రం పాత క్లయింటుకే: వీసా, పన్ను ఎలా?

మధురవాడ మేడమీద:

అమెరికా కంపెనీ ఒకదానికి కాంట్రాక్టరుగా సాఫ్ట్‌వేర్ పని చేస్తున్నాను. నెలకు 4,000 డాలర్లు, నేరుగా వైజాగ్ ఖాతాలో పడతాయి. 2025-26లో మొత్తం 42 లక్షలు వచ్చింది. 44ఏడీఏ (కొన్ని వృత్తులవాళ్లు లెక్కలు లేకుండా రాబడిలో సగాన్ని లాభంగా చూపే సెక్షన్) కింద సగం లాభంగా చూపించి ఐటీఆర్-4 రిటర్న్ వేస్తాను. జీఎస్టీ రిజిస్ట్రేషన్, ఎల్‌యూటీ (బయటి దేశపు క్లయింటుకు జీఎస్టీ లేకుండా బిల్లు వేయడానికి ఇచ్చే హామీ పత్రం) ఉన్నాయి. ఇంట్లో నేను, భార్య, నాలుగేళ్ల పాప.

ఆరు నెలల నుంచి ఏడాది దాకా బయట ఉండి ఇదే పని చేయాలని ఉంది. క్లయింటుకు అభ్యంతరం లేదు. దుబాయ్, స్పెయిన్, పోర్చుగల్, మలేషియా, థాయిలాండ్ చూస్తున్నాం. 182 రోజులు బయట ఉంటే ఇక్కడ పన్నే ఉండదని తెలిసినవాళ్లు అంటున్నారు. అది నా విషయంలో నిజమేనా? ఈ ఆదాయానికి ముగ్గురికీ వీసా వచ్చే దేశం ఏది?

లెక్కల చిట్టా:

ముందు మీరు ఇప్పుడు ఎంత కడుతున్నారో చూడండి. 42 లక్షల్లో సగం, అంటే 21 లక్షలు ఆదాయం. కొత్త విధానం స్లాబుల్లో దానిమీద పన్ను 2,25,000, సెస్సుతో 2,34,000. వచ్చినదాంట్లో ఆరు శాతం కూడా కాదు. ఐటీ వృత్తి నోటిఫై అయిన జాబితాలో ఉంది కాబట్టి 44ఏడీఏ మీకు సరిగ్గానే వర్తిస్తోంది. పన్ను మిగుల్చుకోవడానికే వెళ్దామనుకుంటే మాత్రం ఆ ఆలోచన మానుకోండి. మీరు మిగిల్చేది ఈ 2.34 లక్షల లోపే. దుబాయ్‌లో అది ఇంటద్దెకే చాలదు.

ఇక 182 రోజుల మాట. మన ఊళ్లో ఓడల మీద పనిచేసేవాళ్లు చాలామంది కాబట్టి ఈ మాట బాగా నానింది. కానీ ఓడ ఉద్యోగుల నియమాలు వేరు. విదేశీ ప్రయాణపు ఓడ మీద సంపాదించిన జీతం ఇక్కడి ఎన్ఆర్ఈ ఖాతాలో (ఎన్ఆర్ఐల ఖాతా) పడినంత మాత్రాన పన్ను పడదని 2017లో 13వ నంబరు సర్క్యులర్ వచ్చింది. అది సీమెన్‌కే, ల్యాప్‌టాప్ మీద పనిచేసేవాళ్లకు కాదు.

మామూలు నియమం రెండు కాళ్ల మీద నిలబడుతుంది. ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు ఇక్కడ ఉంటే రెసిడెంట్, అంటే పన్ను లెక్కలో ఇక్కడి నివాసి. లేదా 60 రోజులు ఉండి, అంతకుముందు నాలుగేళ్లలో కలిపి 365 రోజులు ఉన్నా రెసిడెంటే. మీరు నాలుగేళ్లూ ఇక్కడే ఉన్నట్టయితే ఆ 365 ఎప్పుడో దాటేశారు. ఉద్యోగం కోసం దేశం వదిలే భారతీయ పౌరుడికి మాత్రం ఆ సంవత్సరం 60 బదులు 182 పెడతారు. స్వయం ఉపాధి కూడా ఇందులోకి వస్తుందని కేరళ హైకోర్టు తీర్పు ఉంది. అయితే పాత క్లయింటు పనినే వేరే దేశంలో కూర్చుని చేయడాన్ని అధికారి ఒప్పుకుంటారా అన్నది వాదనకు తావున్న విషయం. ఒప్పుకుంటే సెప్టెంబర్ 28లోగా బయల్దేరి మార్చి 31 దాకా రాకూడదు, అప్పుడు 181 రోజులు. ఒప్పుకోకపోతే మే 29కే దేశం దాటి ఉండాలి. ఈ రెండు తేదీల మధ్య నాలుగు నెలల తేడా ఉంది, అది గుర్తుంచుకోండి.

అసలు నష్టం ఇక్కడుంది: 44ఏడీఏ రెసిడెంట్లకే. నాన్ రెసిడెంట్ అయ్యాక కూడా డబ్బు ముందుగా వైజాగ్ ఖాతాలోనే పడితే, భారతదేశంలో అందుకున్న ఆదాయంగా పన్ను పడుతుంది. పైగా సగం తీసేసే సౌకర్యం ఉండదు. నిజమైన ఖర్చులు 2 లక్షలే చూపగలిగితే 40 లక్షల మీద 8,11,200. అంటే ఎన్ఆర్ఐ అయి, మూడున్నర రెట్లు ఎక్కువ కట్టినట్టు.

మధురవాడ మేడమీద:

ఇది అసలు ఊహించలేదండి. మరి డబ్బు దుబాయ్ బ్యాంకు ఖాతాలోనే తీసుకుంటే?

లెక్కల చిట్టా:

అప్పుడు ఇంకో నియమం అడ్డొస్తుంది, 2020లో తెచ్చినది. విదేశీ ఆదాయం కాకుండా మిగతాది 15 లక్షలు దాటి, ఏ దేశంలోనూ నివాసం కారణంగా పన్నుకు లోబడని భారతీయ పౌరుణ్ని రెసిడెంటుగానే భావిస్తారు. మీ డాలర్లు విదేశీ ఆదాయమే కదా అనిపిస్తుంది. కానీ ఇండియాలో నెలకొల్పిన వృత్తి నుంచి వచ్చేదాన్ని ఆ నిర్వచనం విదేశీ ఆదాయంగా లెక్కించదు. మధురవాడ చిరునామాతో జీఎస్టీ, అదే చిరునామాతో ఇన్‌వాయిస్‌లు ఉన్నంతకాలం వృత్తి ఇక్కడ నెలకొల్పినదే అంటారు. దాన్ని నిజంగా దుబాయ్‌కి మార్చాలంటే కాంట్రాక్టు, లైసెన్సు, బిల్లింగు అన్నీ మారాలి. ఏడాది కోసం అంత పని వద్దు.

2026 ఏప్రిల్ 1 నుంచి 2025 ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చింది. సెక్షన్ల నంబర్లు మారాయి. పాత నంబర్లు మనకు అలవాటు కాబట్టి వాడాను. మీ ఆడిటరు కాగితాల మీద కొత్తవి కనబడితే కంగారు పడకండి.

వీసా ఫైలు:

వీసాల సంగతి నేను చెప్తాను. మీ 4,000 డాలర్లకు యూరప్ ముగ్గురికి కష్టం.

స్పెయిన్ రిమోట్ పని వీసాకు ప్రధాన దరఖాస్తుదారు దగ్గర అక్కడి కనీస వేతనానికి రెండింతలు అడుగుతుంది. 2025 అంకెల్లో నెలకు సుమారు 2,763 యూరోలు. భార్యకు కనీస వేతనంలో 75 శాతం, పాపకు 25 శాతం కలపాలి. మొత్తం 4,144 యూరోలు దాకా వస్తుంది. మీ ఆదాయం యూరోల్లో అంత లేదు. అక్కడి 24 శాతం ప్రత్యేక పన్ను గురించి యూట్యూబ్‌లో ఊదరగొడతారు. అది సూటిగా దక్కేది ఉద్యోగులకు. మీలాంటి ఫ్రీలాన్సరు అక్కడ స్వయం ఉపాధి కింద నమోదై, సోషల్ సెక్యూరిటీ నెలనెలా కట్టి, మామూలు స్లాబుల్లో పన్ను కట్టాల్సి రావడమే ఎక్కువ. ఇది చదివే ఇండియా కంపెనీ ఉద్యోగులకు ఒక మాట: స్పెయిన్‌తో మనకు అమల్లో ఉన్న సోషల్ సెక్యూరిటీ ఒప్పందం లేదు, పోర్చుగల్‌తో ఉంది. ఇక్కడే పీఎఫ్ కడుతున్నారని ఈపీఎఫ్‌ఓ ఇచ్చే కవరేజీ సర్టిఫికెట్ పోర్చుగల్‌కు పనికొస్తుంది, స్పెయిన్‌కు రాదు. ఫైలు చివరి దశలో చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు.

పోర్చుగల్ రిమోట్ పని వీసా డీ8కి అక్కడి కనీస వేతనానికి నాలుగింతలు. 2025లో 870 యూరోలు, అంటే 3,480. ఒక్కరికే అంచున ఉన్నారు, కుటుంబం కలిస్తే దాటరు. పాత ఎన్‌హెచ్‌ఆర్ పన్ను రాయితీ కొత్తవారికి 2023తో ముగిసింది. ఇంకా అదే చెప్పి ఫీజు అడిగే ఏజెంటు కనిపిస్తే లేచి వచ్చేయండి.

దుబాయ్ వర్చువల్ వర్క్ వీసాకు నెలకు 3,500 డాలర్లు చాలు, ఏడాది ఇస్తారు, ఆరోగ్య బీమా తప్పనిసరి. ఆదాయం సరిపోతుంది. అయితే మీ దగ్గర ఉన్నది నెల నోటీసుతో రద్దయ్యే కాంట్రాక్టు అయితే, కనీసం ఏడాది కాలం రాసి ఉన్న కొత్త కాగితం క్లయింటు దగ్గర ముందే తీసుకోండి.

మలేషియా రిమోట్ పని పాస్ డీఈ రంతావ్ మీ కొలతకు కుట్టినట్టుంది. టెక్ పనివాళ్లకు ఏడాదికి 24,000 డాలర్లు చాలు, ఫ్రీలాన్సర్లను తీసుకుంటారు, భార్యాపిల్లలను చేర్చవచ్చు. మూడు నుంచి పన్నెండు నెలలు, ఆపైన ఇంకో ఏడాది పొడిగింపు. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే.

థాయిలాండ్ డీటీవీ అయిదేళ్ల వీసా, వెళ్లిన ప్రతిసారీ 180 రోజులు. ఆదాయం కంటే నిల్వ చూస్తారు: 5 లక్షల బాట్లు. ఆ మొత్తం స్టేట్‌మెంట్‌లో నిన్న మొన్న ఒక్కసారిగా వచ్చి పడినట్టుంటే ప్రశ్నలు వస్తాయి. ముందునుంచే నిలవ ఉంచండి. భార్యకూ పాపకూ విడివిడిగా దరఖాస్తు చేయాలి.

రోజుల క్యాలెండరు:

పైన ఇద్దరు చెప్పినవి కలిపితే దారి కనబడుతోంది. ఇక్కడ రెసిడెంటుగానే ఉండండి, 44ఏడీఏ వదులుకోకండి. బయటి దేశంలో రెసిడెంట్ కాకుండా రోజులు చూసుకోండి.

అక్టోబర్ 1న వెళ్లి మార్చి 28న తిరిగొచ్చారనుకోండి. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా ఇక్కడ 183 రోజులు, కాబట్టి రెసిడెన్సీ గురించి వాదనే లేదు. బయట ఉన్నది 179 రోజులు. థాయిలాండ్, మలేషియా రెండూ క్యాలెండర్ సంవత్సరం చూస్తాయి, కాబట్టి ఆ 179 కూడా 92, 87గా విడిపోతుంది. థాయిలాండ్ హద్దు 180, మలేషియాది 182. రెండింటికీ చాలా దూరంలో ఉంటారు.

ఒక మెలిక ఉంది. రోజులు తక్కువైనా, ఆ గడ్డ మీద కూర్చుని చేసిన పని ఆ దేశపు ఆదాయమే అనే సూత్రం చాలా చట్టాల్లో ఉంది. మలేషియాలో నాన్ రెసిడెంటుకు రేటు నేరుగా 30 శాతం. అందుకని ద్వంద్వ పన్ను ఒప్పందంలో (ఒకే ఆదాయానికి రెండు దేశాల్లో పన్ను పడకుండా చూసేది) వృత్తి సేవల అధికరణం మీ ఆడిటరుతో చదివించుకోండి. ఒప్పందం వాడుకోవాలంటే మన ఆదాయపు పన్ను అధికారి ఇచ్చే టాక్స్ రెసిడెన్సీ సర్టిఫికెట్ చేతిలో ఉండాలి. దానికి మీ పాన్ ఉన్న వార్డులో దరఖాస్తు పెట్టాలి. వెళ్లాక అక్కణ్ణుంచి తిప్పలు పడకుండా సెప్టెంబర్‌లోపే మొదలుపెట్టండి.

అక్కడ బ్యాంకు ఖాతా తెరవకండి. మార్చి 31 నాటికి మూసేసినా సరే, విదేశీ ఖాతా ఉంటే ఐటీఆర్-4 పోతుంది, ఐటీఆర్-3 వేసి విదేశీ ఆస్తుల పట్టిక షెడ్యూల్ ఎఫ్ఏ నింపాలి. అందులో లెక్క క్యాలెండర్ సంవత్సరానిది. వైజాగ్ ఖాతా కార్డుతోనే గడుపుకోండి. ఎల్ఆర్ఎస్ (విదేశాలకు డబ్బు పంపే ఆర్‌బీఐ పథకం) కింద డబ్బు పంపితే ఏడాదికి 10 లక్షలు దాటినదానిమీద టీసీఎస్, అంటే బ్యాంకు ముందే పట్టుకునే పన్ను, కోస్తారు. రిటర్న్‌లో సర్దుబాటవుతుంది కానీ చేతిలో డబ్బు నెలల తరబడి ఆగిపోతుంది.

మధురవాడ మేడమీద:

అయితే మలేషియా, అక్టోబర్ నుంచి మార్చి. ఎల్‌యూటీ, అడ్వాన్స్ టాక్స్ అక్కణ్ణుంచే చేసుకోవచ్చా?

రోజుల క్యాలెండరు:

చేసుకోవచ్చండి. 44ఏడీఏ వాళ్లకు అడ్వాన్స్ టాక్స్ మొత్తం మార్చి 15లోపు ఒకే విడత. కొత్త ఏడాది ఎల్‌యూటీ మార్చిలోనే వేసేయండి, లేకపోతే ఏప్రిల్ ఇన్‌వాయిస్ దగ్గర ఇబ్బంది. ఆ రెండింటికీ ఓటీపీలు వచ్చే సిమ్‌కు ఇంటర్నేషనల్ రోమింగ్ ఇక్కడుండగానే ఆన్ చేయించుకోండి.

తిరుగు టికెట్ కూడా చూసుకుని కొనండి. లెక్కకు వచ్చేది పాస్‌పోర్టు మీద ఇమిగ్రేషన్ స్టాంపు తేదీ. హైదరాబాద్ మీదుగా వెళ్తే స్టాంపు అక్కడే పడుతుంది. వైజాగ్‌లో సెప్టెంబర్ 30 రాత్రి ఎక్కినా, అర్ధరాత్రి దాటాక ఇమిగ్రేషన్ అయితే అక్టోబర్ 1 అనే ఉంటుంది. బోర్డింగ్ పాసులు, స్టాంపు పేజీల ఫొటోలు ఒక ఫోల్డర్లో పెట్టుకోండి.