ఎదురు వెలుగులో తీస్తే ఫొటో పాలిపోతోంది, ఆకుపచ్చ చుక్కలు పడుతున్నాయి: తప్పు లెన్సుదా, ఫిల్టరుదా?

పుష్కరఘాట్:

నమస్కారం అండీ. రాజమండ్రిలో పెళ్లిళ్లు, ప్రీవెడ్డింగ్ షూట్లు చేస్తాను. ఫుల్‌ఫ్రేమ్ మిర్రర్‌లెస్ బాడీ, 24–70 ఎంఎం ఎఫ్/2.8 జూమ్, సెకండ్‌హ్యాండ్‌లో తీసుకున్న 50 ఎంఎం ఎఫ్/1.8. రెండు లెన్సులకీ యూవీ ఫిల్టర్ (ముందు బిగించే చదునైన గాజు) ఎప్పుడూ బిగించే ఉంటుంది. మూడు ఇబ్బందులు.

సాయంత్రం ఘాట్ మీద జంటని నిలబెట్టి, వెనకాల కొవ్వూరు వైపు పొద్దు దిగుతుండగా జూమ్‌తో తీస్తే ఫొటో అంతా నీళ్లలో పాలు కలిపినట్టు ఉంటోంది. అమ్మాయి జడ నల్లగా రాదు, బూడిద రంగులో వస్తుంది. వెనక ఆర్చి బ్రిడ్జి కమాన్లు వెలిసిపోతాయి.

రాత్రి ముహూర్తాలకి అదే జూమ్‌తో మండపం మొత్తం పట్టేలా తీస్తే, పైన వేలాడే సీరియల్ బల్బులకి సరిగ్గా కింద, పెళ్లికూతురు చీర మీద ఆకుపచ్చ చుక్కల దండ పడుతోంది.

ఇక 50 ఎంఎంలో అయితే ఫ్రేములో లైటు లేకపోయినా సరే, వీడియోవాళ్ల లైటు పక్క నుంచి పడితే చాలు, మసక.

హుడ్ (లెన్సు ముందు నీడ కోసం తగిలించే తొడుగు) వాడుతున్నాను. ఖరీదైన ఫిల్టర్ కొంటే సరిపోతుందా? లెన్సే మార్చాలా? మాఘమాసం ముహూర్తాల లోపు తేల్చుకోవాలి.

---

అద్దంముక్క:

మీరు చెప్పిన మూడూ ఫ్లేరే, అంటే బలమైన వెలుగు లెన్సులో దారి తప్పి ఫొటోని పాడుచేయడమే, కానీ మూడింటి పుట్టుక వేరు. అందుకే ఒక్క మందుతో మూడూ పోవు. ఏదీ కొనకముందు ఏది ఎక్కడి నుంచి వస్తోందో పట్టుకోండి.

కాంతి గాలిలోంచి గాజులోకి వెళ్లేటప్పుడు, కోటింగ్ (మెరుపు తగ్గించే పల్చటి పూత) లేని మామూలు గాజు మీద, సుమారు 4 శాతం వెనక్కి తిరుగుతుంది. మీ జూమ్ లాంటి లెన్సులో ఇలాంటి గాలి–గాజు హద్దులు దాదాపు 30 ఉంటాయనుకోండి. కోటింగే లేకపోతే చివరికి సెన్సరుకి చేరేది 30 శాతం లోపే. మిగతాది లోపల అటూ ఇటూ తగిలి తిరుగుతూ ఉంటుంది. కోటింగ్ కనిపెట్టింది ఈ బాధ పడలేకే. 1935లో త్సైస్ కంపెనీలో స్మాకులా ఒక్క పొర కోటింగ్‌కి పేటెంట్ తీసుకున్నాడు. 1971లో పెంటాక్స్ అనేక పొరల కోటింగ్ ఉన్న లెన్సులు మార్కెట్లోకి తెచ్చింది. ఇప్పటి మంచి కోటింగ్‌లో ఒక్కో హద్దు దగ్గర తిరిగేది అర శాతం కంటే తక్కువ.

మరి ఫ్లేర్ ఎందుకు మిగిలిందంటారా? 0.3 శాతం చొప్పున రెండుసార్లు తిరిగిన కాంతి అసలు దాంట్లో లక్షో వంతు. కానీ మిట్టమధ్యాహ్నం సూర్యబింబం, దాని కింద ఉన్న దృశ్యం కంటే లక్షల రెట్లు వెలుగు. లక్షో వంతు మిగిలినా కంటికి కనపడుతుంది. పైగా 30 హద్దుల్లో ఏ రెండిటి మధ్యనైనా కాంతి తిరగొచ్చు కాబట్టి 435 జతలు. వాటిలో ఎక్కువ భాగం విడిగా కనపడవు, అన్నీ కలిసి పల్చటి తెరలా పరుచుకుంటాయి. కొన్ని మాత్రం ఆకారంతో కనిపిస్తాయి. వాటినే గోస్ట్ అంటాం.

ఇప్పుడు మీ ఆకుపచ్చ దండ. ఇది దాదాపు ఖాయంగా ఫిల్టర్ పనే. బల్బు బొమ్మ సెన్సరు మీద పడుతుంది, సెన్సరు అద్దంలా మెరుస్తుంది కాబట్టి కొంత వెలుగు లెన్సులోంచి వెనక్కి బయల్దేరుతుంది, ముందున్న చదునైన ఫిల్టరుకి తగిలి మళ్లీ లోపలికొస్తుంది. ఫిల్టర్‌కి వంపు లేదు కాబట్టి వెలుగు చెదరకుండా, బల్బు బల్బులాగే, తలకిందులుగా పడుతుంది. ఆకుపచ్చ ఎందుకంటే ఫిల్టర్ కోటింగ్ పూర్తిగా ఆపలేక మిగిల్చిన రంగు అది. ఫిల్టర్ని ట్యూబ్‌లైట్ కింద వాలుగా పట్టుకుని చూడండి, అదే రంగు మెరుపు కనపడుతుంది.

రుజువు చూసుకోవడం సులువు. ఫొటో తెరిచి, ఒక బల్బు దగ్గర నుంచి ఫ్రేము నడిమధ్యకి గీత గీసి, అంతే దూరం అవతలికి పొడిగించండి. చుక్క సరిగ్గా అక్కడ ఉండి, దండ వంపు తలకిందులైతే ఫిల్టరే. ఆ గీత మీదే ఉండి దూరం తేడాగా ఉంటే, లేదా బొమ్మ బల్బులా కాక పలకల ఆకారంలో ఉంటే, అది లెన్సు లోపలి గోస్ట్.

రాత్రి మండపంలో ఫిల్టర్ తీసేయండి. ఖరీదైన ఫిల్టర్ చుక్కల వెలుగు తగ్గిస్తుంది గానీ పూర్తిగా తీసేయదు. నల్లటి ఆకాశం మీదో ముదురు పట్టుచీర మీదో మిగిలింది కూడా కనపడుతుంది. ముందు గాజుకి దెబ్బ తగలకుండా కాపాడటానికి హుడ్ చాలు. తలంబ్రాల సమయంలో, హోమం దగ్గర నూనె, నెయ్యి చిట్లే చోట దగ్గరగా తీసేటప్పుడు మాత్రం ఫిల్టర్ బిగించుకోండి, అది సరైన వాడకం.

---

మూడుకాళ్ల_స్టాండు:

ఘాట్ మీద పొద్దు సంగతి నేను చెప్తాను.

మొదట ఒక ప్రశ్న: సూర్యుడు ఫ్రేములో ఉన్నాడా, బయట ఉన్నాడా? బయట ఉంటే అడ్డు పెట్టొచ్చు. లోపల ఉంటే హుడ్ వల్ల ఏ ఉపయోగమూ లేదు, వేరే పద్ధతులు కావాలి.

బయట ఉన్నప్పుడు: జూమ్‌కి ఇచ్చే హుడ్ 24 ఎంఎం దగ్గర మూలలు నల్లబడకుండా కత్తిరించి ఉంటుంది. 70 దగ్గర అది చాలా పొట్టి. అక్కడ చెయ్యో నల్ల అట్టముక్కో అడ్డం పెట్టాలి. ఎంత అడ్డం పెట్టాలో వ్యూఫైండర్లో వెతుక్కోవద్దు. అసిస్టెంట్‌ని లెన్సు ముందుకొచ్చి గాజు మీద నీడ చూడమనండి. వెలుగు మరక గాజు అంచు దాటి పూర్తిగా పోయిందా లేదా అన్నదే లెక్క. సగం గాజు మీద నీడ పడితే సగమే లాభం. అట్టని లెన్సుకి ఒక జానెడు దూరంలో, పైనుంచి మెల్లగా దించండి. ఎఫ్/2.8 దగ్గర అట్ట అంచు గీతలా కనపడదు, పైన మెత్తటి చీకటిలా వస్తుంది. తెలియకుండా ఫ్రేములోకి దిగిపోతుంది, చూసుకోండి. హుడ్‌ని తిరగేసి లెన్సు మీదే ఉంచి తీసేవాళ్లు చాలామంది ఉన్నారు. అలా పెడితే అది నీడ పట్టదు.

సూర్యుడు ఫ్రేములోనే కావాలంటే: రాజమండ్రి గట్టు నుంచి పడమర చూస్తారు కాబట్టి చివరి పది, పదిహేను నిమిషాల్లో పొద్దు ఎర్రబడి బలం తగ్గుతుంది. తెర పల్చబడేది అప్పుడే. ఆ టైముకి జంట సిద్ధంగా ఉండాలి. అంతకు ముందైతే సూర్యుణ్ణి అబ్బాయి తల వెనకో, కమాను అంచు వెనకో దాచండి. మీరు ఒక అడుగు పక్కకి జరిగితే చాలు. పూర్తిగా దాస్తే జుట్టు చుట్టూ బంగారు అంచు వస్తుంది, తెర చాలావరకు పోతుంది. పావు వంతు బయటకి వదిలితే నక్షత్రంలా చీలుతుంది, కాని దానికి అపర్చర్ (లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం) ఎఫ్/11 దాకా మూయాలి. ఆ రంధ్రాన్ని మూసే బ్లేడ్లు సరి సంఖ్యలో ఉంటే అన్నే కిరణాలు, బేసి సంఖ్యలో ఉంటే రెట్టింపు: 9 బ్లేడ్లకి 18.

గోస్ట్‌లు సూర్యుడి నుంచి ఫ్రేము మధ్యలోంచి పోయే గీత మీదే పడతాయని పైన చెప్పారు కదా, దాన్ని వాడుకోండి. సూర్యుణ్ణి పై ఎడమ మూల పెడితే గోస్ట్‌లు కింద కుడివైపుకి జారతాయి. అక్కడ మొహాలు లేకుండా చూసుకుంటే చాలు. గట్టు మెట్ల మీద పడ్డ గోస్ట్‌ని రెండు నిమిషాల్లో తుడిచేయొచ్చు, మొహం మీద పడ్డదాన్ని గంట కూర్చున్నా సహజంగా తేలేము. సూర్యుణ్ణి మధ్యకి తెచ్చే కొద్దీ గోస్ట్‌లు దాని మీదకే చేరి దాక్కుంటాయి.

అన్నిటికంటే తక్కువ మంది చేసేది ఇంకోటి ఉంది: ముందు వెలుగు పెంచడం. తెర వెలుగు ఒక స్థిరమైన మొత్తం. మొహం మీద వెలుగు ఒక స్టాప్ (అంటే రెట్టింపు) పెంచి, ఎక్స్‌పోజర్ అంతే తగ్గిస్తే, ఆ తెర సగం బలమే చూపిస్తుంది. పెద్ద తెల్ల థర్మాకోల్ షీటు ఛాతీ ఎత్తులో, రెండు మూడు అడుగుల దూరంలో పట్టుకుంటే చాలు. ఫ్లాష్ అయితే హైస్పీడ్ సింక్ (వేగమైన షట్టర్‌తో కూడా ఫ్లాష్ పనిచేసే పద్ధతి) ఉండాలి, ఎందుకంటే ఎఫ్/2.8 దగ్గర షట్టర్ 1/250 దాటిపోతుంది.

బ్రిడ్జి ఒక్కదాన్నే తీసేటప్పుడు, మనుషులు కదలనప్పుడు, బొటనవేలి పద్ధతి ఉంది. స్టాండు మీద, ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్, ఫోకస్ మూడూ మాన్యువల్‌లో. ఒక ఫ్రేము మామూలుగా. రెండోది చెయ్యి చాచి బొటనవేలితో సూర్యబింబాన్ని మాత్రం మూసి. తర్వాత రెండూ లేయర్లుగా పెట్టి, వేలు ఉన్న ఫ్రేము పైన ఉంచి, వేలు, దాని చుట్టూ మాత్రం మెత్తటి బ్రష్‌తో మాస్కు చేయండి. కింద నది, కమాన్లు పూర్తి కాంట్రాస్టుతో ఉంటాయి, సూర్యుడు కింది ఫ్రేములోంచి వస్తాడు.

డీఎస్ఎల్ఆర్ వాడేవాళ్లకి ఒక జాగ్రత్త: ఆప్టికల్ వ్యూఫైండర్లోంచి సూర్యుణ్ణి చూడొద్దు. టెలీ లెన్సుతో అస్సలు వద్దు. కన్ను పోతుంది.

---

చీకటిగది:

మీ 50 ఎంఎం మీద నాకు అనుమానం. పక్క నుంచి లైటు పడితేనే మసక అంటే, సెకండ్‌హ్యాండ్ లెన్సులో మొదట చూడాల్సింది కోటింగ్ కాదు, మురికి, ఫంగస్, లోపలి ఆవిరి పొర.

ఫిల్టర్ తీసి, లెన్సుని బాడీ నుంచి విప్పండి. గది చీకటి చేసి, వెనక వైపు నుంచి సెల్‌ఫోన్ టార్చ్ వాలుగా కొట్టండి. టార్చ్‌కి సూటిగా ఎదురు కాకుండా కాస్త పక్క నుంచి ముందు గాజులోకి చూడండి. దుమ్ము చుక్కలు పదో ఇరవయ్యో ఉంటే పట్టించుకోనక్కర్లేదు. సాలెగూడు దారాల్లాంటివి కనపడితే ఫంగస్. గాజు మొత్తం అద్దం మీద ఊపిరి వదిలినట్టు పల్చగా తెల్లబారితే హేజ్. ఈ రెండిట్లో ఏదున్నా కొత్త ఫిల్టర్ కొనడం దండగ. సర్వీసుకి ఇచ్చి లోపల శుభ్రం చేయించాలి. ఫంగస్ ముదిరితే కోటింగ్‌నే తినేస్తుంది, అప్పుడు శుభ్రం చేసినా మచ్చ ఉండిపోతుంది. 50 ఎంఎం ఎఫ్/1.8 లాంటి చవక లెన్సుకి సర్వీసు ఖర్చు, కొత్తదాని ధర పక్కపక్కన పెట్టి చూసుకోండి.

గోదావరి జిల్లాల తేమకి లెన్సుల్ని సంచిలో మూసి ఉంచితే ఫంగస్ రాక తప్పదు. డ్రై క్యాబినెట్‌లో తేమ 40 నుంచి 50 శాతం మధ్య పెట్టండి. లేకపోతే గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్, చవకరకం తేమ మీటరు.

లోపల శుభ్రంగా ఉంటే బయట చూడండి. ముందు, వెనక గాజుల మీద వేలిముద్రలు. మండపంలో చెమట చేతులు, చందనం, పసుపు తగలకుండా ఉండవు. మొదట బ్లోయర్‌తో ఊది, తర్వాత మెత్తటి బ్రష్, ఆఖరికి రెండు చుక్కల క్లీనర్‌ని గుడ్డ మీద వేసి (గాజు మీద పోయకండి) మధ్య నుంచి అంచుకి గుండ్రంగా. చొక్కా కొసతో తుడిస్తే నూనె పోదు, గీతలుగా పరుచుకుంటుంది. ఆ గీతలకి అడ్డంగా ప్రతి లైటూ పొడుగ్గా సాగుతుంది. ఫోన్ కెమెరాల్లో వీధిలైట్లకి పొడవాటి చార వచ్చేది ఎక్కువగా ఇందుకే.

వీడియో లైటు సంగతి: లైటు స్టాండు మీ కెమెరా వరస కంటే రెండడుగులు వెనక్కి జరిపితే గాజు మీద నేరుగా పడదు. షూటు మొదలయ్యే ముందే వీడియోవాళ్లతో కూర్చుని మాట్లాడుకోండి, జీలకర్ర బెల్లం టైములో అడిగితే ఎవరూ కదలరు. మీరే వెనక ఫ్లాష్ పెట్టుకుంటే, కెమెరా వైపు అంచుకి నల్ల ఫోమ్ షీటు రబ్బరు బ్యాండుతో కట్టండి.

---

పుష్కరఘాట్:

ముగ్గురికీ చాలా థాంక్స్ అండీ. ఫిల్టర్ తీసి అదే హాల్లో అదే ఎక్స్‌పోజర్‌తో తీశాను, ఆకుపచ్చ దండ మాయం. 50లో టార్చ్ వేస్తే వెనక భాగంలో పల్చటి తెల్ల పొర కనపడింది, సర్వీసుకి ఇస్తున్నాను. ఇంకొక్క సందేహం: నక్షత్రం కోసం ఎఫ్/16 పెడితే సూర్యుడి చుట్టూ ఎర్ర చుక్కలు, చదరంగం గళ్లలా వరసగా వస్తున్నాయి. ఇదీ ఫిల్టరేనా? ఫిల్టర్ లేకుండానే తీశాను. పాత ఫొటోల్లో తెరని ఎడిటింగ్‌లో ఎంత తీయొచ్చు?

---

అద్దంముక్క:

గళ్లలా వరసగా వచ్చేవి సెన్సరు నుంచి. సెన్సరు మీద పిక్సెళ్లు క్రమంగా పేర్చి ఉంటాయి కదా, బలమైన వెలుగు వాటికి తగిలి చీలి వెనక్కి వెళ్తుంది, లెన్సు వెనక గాజుకో సెన్సరు ముందున్న గాజుకో తగిలి మళ్లీ సెన్సరు మీదే పడుతుంది. మిర్రర్‌లెస్‌లో వెనక గాజు సెన్సరుకి దగ్గరగా ఉండే లెన్సుల్లో ఎక్కువ చూస్తాం. అపర్చర్ పెద్దగా ఉన్నప్పుడు ఆ చుక్కలు చెదిరి కలిసిపోతాయి, మూసే కొద్దీ చిన్నవై గట్టిపడతాయి. ఎఫ్/8 దగ్గర ఆపి చూడండి, నక్షత్రం కొంచెం మెత్తగా వస్తుంది కానీ చుక్కలు చాలావరకు తగ్గుతాయి. లేదా సూర్యుణ్ణి ఇంకొంచెం ఎక్కువ దాచండి.

ఎడిటింగ్ విషయంలో: రా ఫైలు (కెమెరా కుదించకుండా దాచే అసలు డేటా) అయితే కొంత ఆశ ఉంది. తెర అంటే ప్రతి పిక్సెల్ మీదా అదనంగా పడ్డ వెలుగు కాబట్టి మొదట దాన్ని తీసేయాలి. బ్లాక్స్ కిందకి లాగండి, హిస్టోగ్రాం (వెలుగునీడల గ్రాఫు) ఎడమ అంచుని తాకేవరకు. తెరకి నారింజ రంగు ఉంటుంది కాబట్టి కర్వ్‌లో రెడ్ ఛానెల్ అడుగు భాగాన్ని మిగతా రెండిటి కంటే ఎక్కువ లాగాలి, లేకపోతే నీడలు ఇటుక రంగులో ఉండిపోతాయి. డీహేజ్‌ని (మసక తగ్గించే స్లైడరు) ఫొటో మొత్తానికి కాక, తెర దట్టంగా ఉన్నచోట మాత్రం మాస్కు వేసి 15–25 మధ్య వాడండి. మొహం మీద డీహేజ్ వేస్తే చర్మం మరకలు పడ్డట్టు వస్తుంది. జడ దగ్గర నాయిస్ లేస్తుంది, దాన్ని పూర్తిగా ఆపలేరు, తెరతో పాటు వచ్చిన నాయిస్ వెలుగుని తీసేసినా పోదు. చీర మీద ఆకుపచ్చ చుక్కలకి ఒక్కొక్కదానికి చిన్న బ్రష్‌తో టింట్ మెజెంటా వైపు, తర్వాత వెలుగు కాస్త తగ్గించండి. జరీ నేత కింద అలాగే ఉంటుంది. హీల్ టూల్ వాడితే ఆ నేత చెరిగిపోతుంది.

---

మూడుకాళ్ల_స్టాండు:

ఒక్క మాట కలుపుతాను. ఎఫ్/8, ఎఫ్/11, ఎఫ్/16 మూడూ ఒకే ఫ్రేముతో తీసి 100 శాతం జూమ్‌లో చూసుకోండి. ఎర్ర చుక్కలు ఏ స్టాపు దగ్గర మొదలవుతాయో బాడీ బాడీకి, లెన్సు లెన్సుకి మారుతుంది. వ్యూఫైండర్లో చూసి లేవనుకోవద్దు. చాలా బాడీలు ప్రివ్యూలో అపర్చర్ తెరిచే ఉంచుతాయి. డెప్త్ ప్రివ్యూ బటన్ నొక్కి పట్టుకుంటేనే ఎఫ్/16 దగ్గర అసలు ఏం పడుతోందో స్క్రీన్ మీద కనపడుతుంది.