గాలానికి పడ్డ చేపని వదిలెయ్యాలా, పులుసు పెట్టుకోవాలా? గట్టు మీద మొదలైన లొల్లి ఇంకా తెగలే

చెరువుగట్టు_సీను:
మొన్న ఆదివారం మా దోస్తులం నలుగురం సిద్దిపేట అవతల మా అమ్మమ్మోళ్ల ఊరి చెరువుకి గాలాలు పట్టుకుని పోయినం. డిసెంబర్ అన్న మాటే గానీ స్వెట్టర్ ఏస్తే ఉక్క, తీస్తే చలి, అట్లుంది వాతావరణం. పొద్దున ఏడున్నరకి కూసుంటే పదింటిదాకా బెండు మీద తూనీగ వాలింది గానీ బెండు కదల్లే, ఫ్లాస్కుల చాయ్ అయిపోయింది, పల్లీలు అయిపోయినయ్, చిన్నప్పటి ముచ్చట్లు కూడా రెండు రౌండ్లు తిరిగినయ్, నిజం చెప్పాలంటే ఆ రెండున్నర గంటలే నాకు ఎక్కువ నచ్చినయ్. ఎండ ముదిరినంక పదకొండుకి బెండు గుటుక్కున మునిగింది. రవ్వ, రెండున్నర కిలోలు ఉంటది. ఇగ గొడవ షురూ. ఒకడు ఫోటో దిగి వదిలేద్దాం అంటడు, ఇంకోడు అప్పటికే మూడు రాళ్లు పెట్టి చింతపండు నానేసిండు. ఆఖరికి నేనే వదిలిన. పక్కకి ఒరిగి తేలుకుంట తూము దిక్కు పోయింది, బతికిందో లేదో తెల్వది. వాట్సాప్ గ్రూపుల ఇప్పటికీ రెండు పార్టీలు. మీరు చెప్పున్రి, ఎవరిది కరెక్టు?

గోదారోడు:
రెండున్నర కిలోల శీలావతిని వదిలేశారా!! (మీ రవ్వే మాకు శీలావతి అండి.) మా తణుకులో ఈ మాట చెప్తే నవ్వుతారు. తినడానికి పట్టుకుంటే ఓ అర్థం ఉంది, సరదా కోసం దాని మూతికి కొక్కెం గుచ్చి, పైకి లాగి, ఫోటో దిగి, మళ్ళీ పో అమ్మా అని నీళ్ళలో వేస్తే అది జాలి ఎలా అవుద్ది? జాలి ఉన్నోడు ఇంట్లో కూచుని పప్పుచారు తింటాడు.

ప్లానో_బాబాయ్:
నేను టెక్సాస్‌లో పదేళ్ళుగా పడుతున్నా, ఇక్కడ కూడా శీతాకాలం మీ లాగే, మధ్యాహ్నానికి జాకెట్ విప్పేస్తాం. ఇక్కడ వదలాలా ఉంచుకోవాలా అన్నది మన మనసు బట్టి ఉండదు, చేపని బట్టి ఉంటుంది. లేక్ ఫోర్క్ అని ఒక సరస్సు ఉంది, అందులో బాస్ చేప 16 నుంచి 24 అంగుళాల మధ్య ఉంటే వదిలి తీరాలి, ఎందుకంటే అవే గుడ్లు పెట్టి పెద్దవయ్యేవి. అదే సరస్సులో క్రాపీ అనే చేపకి రూల్ తిరగబడింది, డిసెంబర్ 1 నుంచి ఫిబ్రవరి ఆఖరు వరకు పడినదాన్ని వదలకూడదు, వేలెడంత ఉన్నా సరే లెక్కలో వేసుకోవాలి, 25 అవగానే ఆపెయ్యాలి. చలికి అవి బాగా లోతుకి దిగుతాయి, అక్కడి నుంచి సర్రున పైకి లాగితే లోపలి గాలితిత్తి ఉబ్బిపోతుంది, వదిలినా చాలావరకు చస్తాయి. మొదటిసారి ఆ రూల్ బోర్డు మీద చదివి తప్పు ప్రింటయింది అనుకున్నా.

గోదారోడు:
చూశారా బాబాయ్ గారే నా పార్టీ.

ప్లానో_బాబాయ్:
నేను ఎవరి పార్టీ కాదయ్యా, బాస్ సంగతి చదవలేదా?

వలకాడు_మెదక్:
మీరు దయ, జాలి అనుకుంట మాట్లాడుతున్రు గానీ అసలు ఆ చేప ఎవరిది? మాది. మా చేపలు పట్టేటోళ్ల సొసైటీది. 2016 నుంచి గవర్నమెంటు ఉచితంగ చేపపిల్లలు ఇస్తుంది, కొన్నాళ్లే నీళ్లుండే చెర్లకి 35-40 మిల్లీమీటర్లయి, ఏడాదంత నీళ్లుండే చెర్లకి 80-100 మిల్లీమీటర్లయి. మేము లెక్కపెట్టుకుని పోస్తం, రాత్రిళ్లు కావలి కాస్తం, ఎండకాలం నీళ్లు తగ్గినంక వల గుంజి పంచుకుంటం. ఆదివారం వచ్చి రెండున్నర కిలోలది పట్టుకపోతే అది మా ఇంట్ల చేప పోయినట్టే. వదిలి సంపితే ఇంకా అన్యాలం, మాకూ లేకపాయె, మీరూ తినకపోతిరి.

చెరువుగట్టు_సీను:
అన్నా ఊకనే పట్టలేదే, గాలానికి 200 కట్టినం, ఆ ఊరి పెద్దమనిషి తీస్కున్నడు, రసీదు మాత్రం ఇయ్యలే.

వలకాడు_మెదక్:
రసీదు లేని పైసలు సొసైటీకి చేరినట్టు కాదు తమ్మీ.

కొరమట్ట_పిచ్చోడు:
కొంచెం టెక్నికల్‌గా మాట్లాడుకుందాం. మన చెరువులు అంత లోతు ఉండవు కాబట్టి క్రాపీ కథ ఇక్కడ అంతగా వర్తించదు. చల్లటి నీళ్ళలో ఆక్సిజన్ ఎక్కువ నిలుస్తుంది, అందుకని వదలాలనుకుంటే మే నెల కంటే డిసెంబరే నయం. కానీ ఎలా వదిలామన్నది ముఖ్యం. పొడి చేత్తో, గుడ్డతో పట్టుకుంటే ఒంటి మీది జిగురు ఊడిపోతుంది, ఆ చోట బూజు పడుతుంది. చెయ్యి తడుపుకుని, నీళ్ళలో ఉండగానే కొక్కెం తియ్యాలి. కొక్కేనికి వెనక్కి ఉండే చిన్న ముల్లుని పట్కారుతో ముందే నొక్కేసుకుంటే సులువుగా వచ్చేస్తుంది. గట్టు మీద మట్టిలో పొర్లిందంటే ఇక కూర వండుకోవడమే మేలు.
కొరమీను వేరే లెక్క, అది పైగాలి కూడా పీలుస్తుంది కాబట్టి తడి గోనెసంచిలో కూడా ఉంటుంది, వదిలితే బతుకుతుంది. వానాకాలంలో పిల్లల్ని కాపలా కాస్తుంటే మాత్రం గాలం ఆ పక్కకే వెయ్యొద్దు, ఆ కాపలా చేప పోతే పిల్లలన్నీ పరాయి చేపల నోట్లోకే. ఇంకోటి, ఆఫ్రికా క్యాట్‌ఫిష్ పడితే ఎంత జాలేసినా నీళ్ళలో వెయ్యకండి, దాన్ని మన దేశంలో పెంచడమే నిషేధం, చెరువంతా మింగేస్తుంది.
(పదింటిదాకా బెండు కదల్లేదంటే ఆశ్చర్యం ఏముంది, చల్లటి నీళ్ళలో రవ్వకి ఆకలి మందం. రేపటి నుంచి లేటుగా లేవండి.)

గోదారోడు:
అంటే వదలడానికి చెయ్యి తడపాలి, ముల్లు నొక్కాలి, పట్కారు కొనాలి. పులుసుకైతే ఉప్పూ కారం చాలు.

ఫోటో_గాడు:
ఆ వదిలేద్దాం అన్నోణ్ణి నేనే, సీను గాడు సగం కథే చెప్పిండు. నేను చేప ఒడ్డుకి రాకముందే నీళ్లల్ల ఉండంగనే తీసేద్దాం అన్న. ఈ పులుసుగాళ్లు నా చెయ్యి గుంజిన్రు, చేపని గట్టు మీద పడేసిన్రు, ఒక దిక్కు కొట్లాట, అది ఎగిరి ఎగిరి అలసిపోయి మొప్పలు తెరుచుకుని పడుకున్నది, అప్పటికి ఏడెనిమిది నిమిషాలు. ఆ తర్వాత వదిలిండు మహానుభావుడు. ఫోటో కూడా దిగలే! నా ఫోన్ వాని జేబుల ఉండె.

చెరువుగట్టు_సీను:
అది నిజమే. పోనీ తమ్మీ, ఆడ తప్పు నాదే, ఏదో ఒకటి ముందే అనుకోవాల్సింది. కానీ నేను వదిలింది జాలితో కాదు, వీళ్ల అరుపులు ఇనలేక.

వలకాడు_మెదక్:
మా దగ్గరికి రాన్రి. గాలానికి వంద, రసీదు ఇస్త, నా చేత్తో రాసి. పట్టింది మా కాంట మీద పెట్టి కిలో లెక్కన కట్టి పట్టుకపోన్రి, ఇక వదులుతరో వండుతరో మీరు మీరు తన్నుకోన్రి, కట్టినంక మాకు సంబంధం లేదు. కిలో లోపువి మాత్రం మర్యాదగ నీళ్లల్ల వెయ్యాలె. తవుడు, పల్లిచెక్క ముద్ద నేనే కలిపి పెడత, మీ సిటీ బ్రెడ్డు ముక్కలకి జిలేబీ చేపలు తప్ప ఏం పడవు.

చెరువుగట్టు_సీను:
ఈ ఆదివారమే వస్తున్నం అన్నా. పదింటికి.

గోదారోడు:
చింతపండు ఎవరు తెస్తున్నారో ఇప్పుడే తేల్చుకోండి.