మన పాత సైటు: వర్డ్‌ప్రెస్‌కు మారడమా, ఉన్నదాన్నే నిలుపుకోవడమా?

హన్మకొండ నిర్వాహకుడు:

సభ్యులందరికీ నమస్కారం. 2009లో డ్రూపల్ అనే సైటు నడిపే సాఫ్ట్‌వేర్ 6వ వెర్షన్ మీద మొదలై, తర్వాత డ్రూపల్ 7కు చేరిన మన ఓరుగల్లు సైటుకు ఇక భద్రతా సవరణలు రావు, ఎందుకంటే డ్రూపల్ 7కు అధికారిక మద్దతు 2025 జనవరి 5తోనే ముగిసింది. డ్రూపల్ నడవడానికి కావలసిన ప్రోగ్రామింగ్ భాష పీహెచ్‌పీ పాత వెర్షన్‌ను త్వరలో తొలగిస్తామని హోస్టింగ్ వాళ్లు కూడా ఇప్పటికే రెండుసార్లు మెయిల్ పెట్టారు. డ్రూపల్ 8 నుంచి లోపలి నిర్మాణమే మారిపోవడం వల్ల కొత్త డ్రూపల్‌కు వెళ్లడమంటే అప్‌గ్రేడ్ చేయడం కాదు, ఇల్లు ఖాళీ చేసి మరో ఇంట్లో దిగడమే. ఎలాగూ సామాను సర్దక తప్పనప్పుడు అలాంటిదే అయినా పది మందికి తెలిసిన సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్‌కే పోదామని నా ప్రతిపాదన. ఫోన్‌లో చక్కగా కనిపించే సైటు ఉంటే కుర్రవాళ్లు మళ్లీ రాస్తారని నా ఆశ.

ములుగు సభ్యురాలు:

నిర్వాహకులు సారుకు నమస్కారం. కుర్రవాళ్లు రాయకపోవడానికి రంగూ రూపూ కారణమని నేను ఒప్పుకోను. నా చెల్లెలు ఖాతా తెరిస్తే ధ్రువీకరణ మెయిల్ స్పామ్‌లో పడింది, ఆమె మొదటి వ్యాసం ఆమోదానికి మూడు వారాలు పట్టింది. ఈలోగా ఆమె అదే వ్యాసాన్ని వాట్సాప్ గ్రూపుల్లో పెట్టేసుకుంది. ఈ జబ్బు వర్డ్‌ప్రెస్‌లోనూ ఉంటుంది, ఎందుకంటే అది మనుషుల దగ్గర ఉన్న జబ్బు.

డ్రూపల్ 7 నుంచే చీలి 2015లో విడుదలైన బ్యాక్‌డ్రాప్ అనే సాఫ్ట్‌వేర్ ఒకటుంది; మన డేటాబేస్‌ను అది నేరుగా అందుకోగలదు. మనం వాడే మాడ్యూళ్లు (అదనపు సౌకర్యాల భాగాలు) అందులో ఉన్నాయో లేవో మాత్రం ఒక్కొక్కటిగా చూసుకోవాలి.

ఏది ఎంచుకున్నా నా అసలు బాధ వేరు. రెండేళ్లకోసారి మేడారం జాతరకు ముందు జనం మన సైటులో దారి కోసం వెతుకుతారు. 2014 నాటి పేజీలో మేడారం వరంగల్ జిల్లాలో ఉంటుంది, 2016 అక్టోబరు తర్వాతి పేజీలో జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో ఉంటుంది, 2019 ఫిబ్రవరి తర్వాతి పేజీలో ములుగు జిల్లాలో ఉంటుంది. జిల్లా పేరు మీద నొక్కితే మూడు వేర్వేరు జాబితాలు వస్తాయి. సైటు మార్చేటప్పుడు పేజీలను జిల్లాలవారీగా విడదీసే ఈ వర్గాలను సరిచేయకపోతే పాత గందరగోళమే కొత్త బట్టలు కట్టుకొని వస్తుంది.

జనగామ సభ్యుడు (డేటాబేస్ పని చూసేవాడిని):

ములుగు అక్కగారి మాటతో ఏకీభవిస్తూనే, నేను ఇద్దరితోనూ విభేదిస్తున్నాను. ఏ కొత్త వ్యవస్థలోకి తోసినా చెడిపోయేది మన మొదటి నాలుగైదేళ్ల రాతే. అందులో రెండు రకాల చెడు ఉంది. ఒకటి, సర్వర్ మార్చినప్పుడు యూటీఎఫ్-8 (యూనికోడ్ అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతి) పాఠాన్ని లాటిన్-1 (పాశ్చాత్య లిపుల కోసం ఉన్న పాత పద్ధతి)గా చదవడం వల్ల పాడైన పేజీలు. యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ప్రతిదీ మూడు బైట్లు కాబట్టి, ఒక్కో దాని స్థానంలో మూడేసి వింత గుర్తులు కనిపిస్తాయి. బైట్లు తెగిపోకుండా ఉంటే వీటిని తిరగదిప్పి బాగుచేయవచ్చు. రెండవది, అన్ని లిపులకూ ఒకే ప్రమాణమైన యూనికోడ్ అలవాటు కాని రోజుల్లో కొందరు పెద్దలు ప్రత్యేక ఫాంట్లతో టైపు చేసి అతికించిన వ్యాసాలు. ఆ ఫాంటు లేకపోతే అవి ఇంగ్లీషు అక్షరాల ముద్దలా ఉంటాయి, వెతికితే దొరకవు, ఫాంటు ఫాంటుకూ వేరే పట్టిక పెట్టి మార్చాలి. ఆ పెద్దల్లో ఇప్పుడు లేనివారు కూడా ఉన్నారు.

అందుచేత పాత సైటు మొత్తాన్ని, వ్యాఖ్యలతో సహా, బ్రౌజర్ నేరుగా చూపించే సాదా హెచ్‌టీఎమ్ఎల్ పేజీలుగా తీసి అవే చిరునామాల మీద నిలిపి ఉంచాలి. పీహెచ్‌పీ లేదు కాబట్టి దాని భద్రతా లోపాల భయం ఉండదు, అద్దె కూడా తగ్గుతుంది. కొత్త రాతలకు వర్డ్‌ప్రెస్ కావాలో బ్యాక్‌డ్రాప్ కావాలో తీరిగ్గా తేల్చుకోవచ్చు.

ములుగు సభ్యురాలు:

తమ్ముడూ, నిలిపి ఉంచిన పేజీ కింద ఎవరూ వ్యాఖ్య రాయలేరు కదా. రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చినప్పుడు, పదేళ్ల నాటి వ్యాసం కిందనే మనవాళ్లు మళ్లీ మాట కలిపారు. దాన్ని మూసేస్తే మనది మ్యూజియం అవుతుంది.

జనగామ సభ్యుడు:

ఆ అభ్యంతరం న్యాయమైనదే. ప్రతి పాత పేజీ అడుగున కొత్త సైటులోని చర్చకు ఒక లింకు పెట్టగలను, కానీ అది అక్కడికక్కడ రాసే సౌకర్యానికి సాటి కాదని ఒప్పుకుంటున్నాను.

హన్మకొండ నిర్వాహకుడు:

వర్డ్‌ప్రెస్ ఎంపికను నేను ఉపసంహరించుకోవడం లేదు, కానీ పాతదాన్ని ముందుగా భద్రపరచాలన్న మాటకు ఒప్పుకుంటున్నాను. ఆమోదం ఆలస్యం కావడం నా తప్పే. ఆమోదించే తాళం నా ఒక్కడి దగ్గరే ఉంది. ఈ ఆదివారం డేటాబేస్, ఫైళ్ల పూర్తి నకలు తీసి జనగామ సభ్యుడికి పంపుతాను. మేడారం పేజీల్లో వ్యాసకర్తల మాటలు ముట్టుకోకుండా జిల్లా వర్గాలను మాత్రమే సవరించే పని ములుగు చెల్లెమ్మ తీసుకుంటానంటే, ఆమోదించే అధికారం ఆమె ఖాతాకు ఈ రాత్రే ఇస్తాను.